గ్డాన్‌స్క్ చూడని వాలెంతీ

రా రా, బ్రూనో, లోపలికి రా. బూట్లు విప్పక్కర్లేదులే, రేపెలాగూ నేల కడగాలి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు కిటికీ పక్కకి రా. టీలోకి నిమ్మకాయ లేదు, చెర్రీ జామ్ వేస్తాను, తాగు. ఏవిటా కాగితాలు? ఊరికి నాలుగొందలేళ్ళు నిండాయని బోర్డు పెడుతున్నారా? మంచిదే. చదువు, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో. ఊఁ... ఊఁ... ఆగాగు. ఆ ముక్క మళ్ళీ చదువు. ‘బార్వినూఫ్ పట్టణపు చివరి తెప్ప పెద్ద, వాలెంతీ గార్బాచ్.’ ఎవడు రాశాడిది? నువ్వేనా? కొట్టెయ్. ఇప్పుడే, నా ఎదురుగా. పెన్సిల్ లేకపోతే ఆ సొరుగులో ఉంది తీసుకో. అలా గుడ్లు మిటకరించి చూడకు. వాలెంతీ మా బాబాయి. మా నాన్న తమ్ముడు. నాకు రెండేళ్ళప్పుడు మా నాన్న పోతే నన్ను పెంచి పెద్ద చేసినవాడు. ఆయన గురించి నీకంటే నాకే ఎక్కువ తెలుసు. ఆయన తెప్ప పెద్ద కాదు. ఆ మాటకొస్తే తెప్పవాడే కాదు. ఫ్రిట్స్. చచ్చేదాకా ఫ్రిట్సే.

అయ్యో, ఫ్రిట్సంటే తిట్టు కాదయ్యా! కల్చర్ హౌస్‌లో జీతం తీసుకుంటూ ఈ మాట తెలీదంటే ఎలా? ఇంకా నయం, నన్నడిగావు, ఆ ఫార్మసీ ఆవిణ్ణి అడిగితే ఏదో ఒకటి కల్పించి చెప్పేది. చూడూ, ఈ ఊళ్ళో మూడొందలేళ్ళు మగాడన్నవాడు చేసిన పని ఒక్కటే. పైనుంచి అడవి కలప దింపి, దుంగల్ని తెప్ప కట్టి, ఈ సాన్ ఏట్లో వదిలి, సాన్ మీంచి విస్తులాలోకి, విస్తులా మీంచి గ్డాన్‌స్క్ దాకా. ఏడొందల కిలోమీటర్లు. వెళ్ళడం నీళ్ళ మీద, రావడం కాళ్ళ మీద. అవునయ్యా, నడిచే వచ్చేవాళ్ళు, కలప అమ్మేశాక తెప్పెక్కడుంటుంది? భుజాన ఉప్పు చేపల సంచీ వేసుకుని నెలా నెలన్నర నడిచేవాళ్ళు. సంతవీధిలో ఆ పచ్చ కిటికీల ఇళ్ళు చూస్తావే, అవన్నీ అలా నడిచిన కాళ్ళు కట్టినవే. మొదటిసారి తెప్ప ఎక్కినవాడు ఫ్రిట్స్. పద్ధెనిమిదేళ్ళవాడైనా సరే, యాభై ఏళ్ళవాడైనా సరే. బార్వినూఫ్‌లో ఎక్కి, మధ్యలో ఎక్కడా బండి ఎక్కకుండా, చెక్క మీదే గ్డాన్‌స్క్ చేరి తిరిగొస్తే, అప్పుడు పాత తెప్పవాడొకడు వాడికి తారు పూసి, చెక్క కత్తితో గడ్డం గొరిగి, తెడ్డుతో వీపు మీద మూడు వేసి, ‘ఇక నువ్వు మావాడివిరా’ అనాలి. అంతవరకూ వాడు ఫ్రిట్సే. ఇంకోటుంది, అసలుది. తెప్పవాణ్ణి తెప్పవాడే చెయ్యాలి. ఫాదర్ చెయ్యలేడు, మేయరు చెయ్యలేడు. ఇచ్చేవాళ్ళు పోతే ఇక పుచ్చుకునేవాళ్ళు ఎప్పటికీ ఉండరు. అది మనసులో పెట్టుకుని విను.

మా బాబాయి నీళ్ళ మీదికి ఆలస్యంగా వెళ్ళాడు. మా తాత మునిగి పోయాడు, పైన లేజైస్క్ దగ్గర. దాంతో మా నానమ్మ చిన్నకొడుకు చేత చర్చిలో, నీళ్ళ మీద పోయేవాళ్ళని కాచే బార్బరా తల్లి పీఠం ముందు ఒట్టు వేయించుకుంది, నేను బతికుండగా నువ్వు తెప్ప ఎక్కకూడదు అని. ఆయన ఎక్కలేదు. ఒడ్డునే ఉండి తెప్పలు కట్టేవాడు. కట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. మేకు ఉండకూడదు తెలుసా? ఒక్క మేకు కూడా. లేత ఓక్ మొక్కల్ని మంట మీద కాచి, మెత్తబడ్డాక మెలితిప్పి, ఆ మెలికల్తోనే దుంగల్ని బిగించాలి. ఇలా, ఈ మణికట్టుతో... అబ్బా, ఇప్పుడు నా చెయ్యి తిరగట్లేదులే. ముప్ఫై తొమ్మిది వసంతంలో నానమ్మ పోయింది. ఆగస్టులో ఆయన తెప్ప ఎక్కాడు. ముప్ఫై ఆరేళ్ళ ఫ్రిట్స్! ఒడ్డున జనమంతా నవ్వారట. ఎంత దూరం వెళ్ళాడనుకున్నావ్? ప్వోత్స్క్ దాకా, సగం దారి. అక్కడుండగా యుద్ధం. సైన్యం వచ్చి తెప్ప విప్పించి, దుంగలు వంతెనకి పట్టుకుపోయింది. ఆయన నడిచి ఇంటికొచ్చాడు. ఆ తరవాత రైళ్ళూ లారీలూ వచ్చాయి, నీళ్ళ మీద కలప ఎవరికి కావాలి? మళ్ళీ ఈ ఊరినించి తెప్ప పోలేదు.

అలా ముప్ఫయ్యేళ్ళు, బ్రూనో. ఆయన రంపం మిల్లులో పని చేసుకుంటూ, నన్ను పెంచుకుంటూ, ఊళ్ళో ప్రతివాడి చేతా ఫ్రిట్స్ అనిపించుకుంటూ గడిపాడు. ‘ఏం ఫ్రిట్సూ, జుట్టు నెరిసిందే!’ అని చావిట్లో బీరు తాగే ప్రతి వెధవా. వాళ్ళ ముత్తాతలు వెళ్ళారు కాబట్టి వాళ్ళేదో గొప్పవాళ్ళైనట్టు! ఆయన నవ్వేవాడు. ఇంటికొచ్చాక నవ్వేవాడు కాదు. పాత తెప్పవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోతున్నారు. ఒక్కొక్కళ్ళు పోయినప్పుడల్లా తెప్పవాళ్ళ సంఘం జెండా, బార్బరా తల్లి ఉన్న నీలం జెండా, శవం ముందు పట్టుకుని వెళ్ళేవాళ్ళు. జెండా మోసే హక్కు తెప్పవాళ్ళది. పదిమంది మోశారు, తరవాత ఆరుగురు, తరవాత ఇద్దరు. చివరికి మిగిలింది ముసలి ఒనుఫ్రీ. ఎనభై ఎనిమిదేళ్ళు, మంచం దిగడు, నోట్లో పన్ను లేదు గానీ నోరు మాత్రం ఊరంతా వినపడేది. అయ్యబాబోయ్, ఆయన నోరు! ఓసారి మా బాబాయి వెళ్ళి అడిగాడు. నేనూ ఉన్నాను, జావ పట్టుకెళ్ళాను. ‘ఒనుఫ్రీ గారూ, మీ తరవాత ఎవరూ లేరు. నన్ను చెయ్యండి. కట్టడం నాకు తెలుసు, పాయలు తెలుసు, పాటలు తెలుసు.’ ఆయన జావ గిన్నె పక్కన పెట్టి, ‘గ్డాన్‌స్క్ ఎలా ఉంటుంది, వాలెంతీ?’ అన్నాడు. ‘నేను చూళ్ళేదు కదండీ.’ ‘చూసి రా, అప్పుడు చేస్తా. నేను కళ్ళు మూసేలోగా చూసి రా. ఊరికే ఇచ్చానంటే ఆ గోరీల్లో వాళ్ళందరూ లేచొచ్చి నన్ను తెడ్డుతో బాదుతారు.’ అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సరే, అరవై ఎనిమిదిలో ఊరికి ఏదో పండగొచ్చింది. మీ నాలుగొందలేళ్ళ లాంటిదే. జిల్లా నుంచి ఒకాయన దిగాడు. పేరు గుర్తులేదు, మెళ్ళో ఎర్ర టై, వేడిగా ఉన్నా విప్పేవాడు కాదు. ‘మన శ్రామిక సంప్రదాయాన్ని ప్రదర్శించాలి, కామ్రేడ్స్’ అని మొదలెట్టాడు. ఏం చేస్తారంటే చిన్న తెప్ప ఒకటి కడతారట, దానిమీద అకార్డియన్ వాయించేవాణ్ణి కూర్చోబెడతారట, మోటారు పడవకి కట్టి వంతెన దాకా లాక్కెళ్ళి వెనక్కి తెస్తారట. అందరూ చప్పట్లు. మా బాబాయి లేచాడు. సభలో ఎప్పుడూ నోరు మెదపని మనిషి! ‘లాక్కెళ్ళేది తెప్ప కాదు, పశువు. మీకు తెప్ప కావాలంటే నేను కడతాను. అది ఇక్కణ్ణించి బయల్దేరితే గ్డాన్‌స్క్‌లోనే ఆగుతుంది’ అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఆ టై ఆయన కూడా నవ్వి, నవ్వుతూనే సరే అన్నాడు, ఈ ముసలాడేం చేస్తాడులే అని. అదే పొరపాటు. మా బాబాయికి సరే అన్న మాట చాలు. మర్నాటి నించి జిల్లా ఆఫీసు గుమ్మం అరగదీశాడు. అడవి ఆఫీసు వాళ్ళ దగ్గర నూట ఇరవై దుంగలు తెచ్చాడు, జూన్ నెలాఖరుకి గ్డాన్‌స్క్ పడవల కార్ఖానాలో అప్పజెబుతానని సంతకం పెట్టి. ఏడు నెలలు తిరిగాడయ్యా ఆ కాగితాల కోసం. ఎందుకంత తొందరంటే, ఒకటి ఒనుఫ్రీ గారు. రెండోది, కింద విస్తులా మీద ఆనకట్ట కడుతున్నారు. అది పూర్తయితే ప్రవాహం ఉండదు, నీళ్ళు నిలబడిపోతాయి. తెప్పకి మోటారుందా, తెరచాపుందా? ప్రవాహమే దాని ప్రాణం.

మరి మనుషులు? ఎవడొస్తాడు? ఫ్యాక్టరీలో వారం పది రోజులకి మించి సెలవివ్వరు. నాలుగు వారాల ప్రయాణం. మొదటి వారం ఇద్దరొస్తామన్నారు, రెండో వారం ఇంకో ఇద్దరు, ఇలా రైళ్ళెక్కి దిగి వంతులు వేసుకున్నారు. మొదటి నించి చివరిదాకా ఉండేవాడు ఒక్కడూ లేడు. అప్పుడు నేను లైబ్రరీలో పని చేసేదాన్ని. పాతికేళ్ళు. జీతం లేని సెలవు రాసిచ్చేసి వచ్చి, ‘బాబాయ్, నేనొస్తున్నా’ అన్నాను. ఒంటికాలి మీద లేచాడు. ‘ఒసేయ్ హోనోరతా, ఆడది తెప్ప మీద కాలు పెడితే మెలికలు వదులవుతాయే! మూడొందలేళ్ళుగా ఏ ఆడదీ ఎక్కలేదు.’ ‘మూడొందలేళ్ళుగా మగాళ్ళుండేవారు, ఇప్పుడేరీ? వంట నువ్వు చేస్తావా, తెడ్డు పడతావా?’ అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి మంచం పక్కన ఓ జత రబ్బరు బూట్లు పడేసి వెళ్ళాడు. మగాళ్ళవి, రెండు సైజులు పెద్దవి. అలా ఖాయమైంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ సంతలో నన్ను చూసి మూతులు తిప్పుకున్నారు. మీ నానమ్మ కూడా తిప్పుకుందిలే, ఇప్పుడు చెప్తే ఒప్పుకోదు గానీ.

ప్రయాణం గురించి చెప్తే రాత్రవుతుంది. మే నెలాఖరులో బయల్దేరాం. ముందు భాగంలో బాబాయి, వెనక తెడ్డు నాది. మధ్యలో గడ్డి గుడిసె, దాని ముందు ఇసుక పోసిన పొయ్యి. పొద్దున్నా సాయంత్రం రై గింజల పిండితో పులుసు, అందులో పందికొవ్వు ముక్కలు, ఎప్పుడైనా గుడ్డు. నాలుగు రోజులకే నా అరచేతులు పగిలాయి. ‘గుడ్డ కట్టకు, తోలు దానంతటదే గట్టిపడుతుంది’ అన్నాడు. అన్నట్టే గట్టిపడింది, చూడు, ఇప్పటికీ ఈ వేళ్ళు సూది పట్టుకోలేవు. నీళ్ళు చదవడం నేర్పాడు. ముడతలు పడిన చోట లోతు, నున్నగా మెరిసే చోట ఇసుక మేట. నాకు మొదట అంతా తలకిందులుగా కనపడేది. సందొమిర్జ్ దాటాక ఓ మేట మీద ఎక్కించేశాను. నడుముల్దాకా నీళ్ళల్లో దిగి ఆరు గంటలు గెడలతో తోశాం. తీరా బయటపడ్డాక ఆయన ‘ఇంకెప్పుడూ అక్కడ ఎక్కించవుగా’ అన్నాడు, అంతే. ప్వోత్స్క్ దగ్గరికొచ్చాం. యుద్ధం ఆయన్ని ఆపిన చోటు. ఆయన టోపీ తీసి ఒడ్డు వైపే చూస్తూ నించున్నాడు. అది దాటాక టోపీ పెట్టుకుని, ‘ఇక ఇక్కణ్ణించి నాకూ కొత్తే’ అన్నాడు. అరవై అయిదేళ్ళ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూళ్ళేదు.

ఆనకట్ట పని జరిగే చోట కాపలావాడు ఈల ఊదుతూ ఒడ్డెంట పరిగెత్తాడు. ఆగండి, దారి లేదు, కాగితం చూపించండి అని. తెప్పని ఆపడం అంత తేలికా? సైకిలుకైతే బ్రేకుంటుంది. గెడలు గుచ్చి ఎలాగో ఒడ్డుకి ఆనించాక ఓ ఇంజనీరు దిగొచ్చాడు, కుర్రాడే. మా బాబాయి కాగితాలు చూపించాడు, అతను అడ్డంగా తలూపాడు, ‘ఇది చెల్లదు తాతా, తిరిగి వెళ్ళిపోండి’ అన్నాడు. ‘వెనక్కా? నాయనా, ఏరు వెనక్కి పారే ఏర్పాటు చేశావా నువ్వు? చేస్తే వెళ్తాను’ అన్నాడు బాబాయి. ఆ పిల్లాడు నవ్వాపుకోలేకపోయాడు. మర్నాడు మధ్యాహ్నం అన్నానికి పనివాళ్ళు ఆగినప్పుడు ఆనకట్టలో ఇంకా మూయని సందులోంచి మమ్మల్ని వదిలారు. రెండు గజాల ఎడంలో కాంక్రీటు గోడ, తెప్ప ఊగిపోతోంది, పనివాళ్ళందరూ టోపీలు ఊపారు. ఆ రోజు బాబాయి పాడాడు కూడా. గొంతు అస్సలు బాగోదు.

కానీ ఆ సందులో వెనక మెలిక ఒకటి తెగింది. నా వైపుది. ఆయన నీళ్ళల్లో దిగి, మెడ దాకా మునిగి, అక్కడికక్కడే కొత్తది కట్టాడు. గంటన్నర. ఆ రాత్రి వానే వాన. తోరున్ దాటేసరికి దగ్గు. గ్రుద్జొండ్జ్ దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. ఊరినించి వచ్చిన ఫ్లోర్యన్ అనే అతను వెనక తెడ్డు పట్టాడు, ముందు, తెప్ప పెద్ద నిలబడే చోట, నేను నించున్నాను. ఈయన గుడిసెలో పడుకుని గడ్డిలోంచే ‘ఎడమకి, ఎడమకి’ అని అరిచేవాడు. ట్చెఫ్ దగ్గర నేను తెప్ప కట్టేయించాను. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు. డాక్టరమ్మ చూసి, నన్ను బయటికి పిలిచి, ‘రెండు ఊపిరితిత్తులూ నిండిపోయాయి. మూడు వారాలు కదలకూడదు. ఆ నీళ్ళ మీదికి మళ్ళీ తీసుకెళ్తే రెండో రోజు శవాన్ని దింపుకుంటావు’ అంది. ఎక్కడ? ట్చెఫ్‌లో! గ్డాన్‌స్క్‌కి ముప్ఫై అయిదు కిలోమీటర్లు! ఏడొందల్లో ముప్ఫై అయిదు. నెలాఖరుకి ఐదు రోజులుంది, కలప అప్పజెప్పకపోతే లారీలు పంపి ఉన్నచోటే విప్పుకుపోతారు. ఊళ్ళో ఒనుఫ్రీ గారికి ఫాదర్ వచ్చి చావు ముందు రాసే చివరి నూనె కూడా పెట్టేశారని టెలిగ్రాం వచ్చింది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అబ్బ, ఎంత వేడిగా ఉందో ఆ చెయ్యి. ‘అమ్మడూ, రేపు పొద్దున్న నన్ను మోసుకెళ్ళి గుడిసెలో పడుకోబెట్టు. నేను తెడ్డు ముట్టను. కళ్ళు తెరిచి చూస్తా, అంతే. చస్తే గ్డాన్‌స్క్‌లో చస్తా, తెప్పవాడిగా చస్తా. ఒనుఫ్రీ బతికుండగా నాకు ఆ ఒక్కటీ చెయ్యి.’ ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. నేను ‘సరే బాబాయ్, పడుకో’ అన్నాను. అబద్ధం. చూసి చూసి ఆయన కళ్ళల్లోకే చూసి ఆడాను. నన్ను పెంచిన మనిషి చచ్చిపోతే నాకు తెప్పెందుకు, సంఘమెందుకు, ఆ జెండా ఎందుకు? కానీ తెప్ప ఆపకూడదు కూడా. ఆపితే ఆయన ముప్ఫయ్యేళ్ళూ నీళ్ళపాలే. అందుకని ఏం చేశానంటే... ఆయన మంచం కింద బూట్లు తీసుకుని చంకలో పెట్టుకుని వచ్చేశాను. లేచొచ్చినా కాళ్ళకేమీ లేకుండా ఎంత దూరం వస్తాడులే అని. తెల్లవారకముందే తాడు విప్పించాను. ఫ్లోర్యన్ నా మొహం చూసి వెనక తెడ్డు దగ్గరికి వెళ్ళాడు.

వంతెన కింద దాటి, మలుపు తిరుగుతుంటే ఒడ్డున తెల్లగా ఏదో కనపడింది. పొగమంచు ఉంది. గడ్డిలో నిలువుగా, తెల్లగా. ‘కొంగ’ అన్నాను ఫ్లోర్యన్‌తో. ఆ పక్కల కొంగలు ఎక్కువ. అందరికీ అలాగే చెప్పాను, యాభై ఏడేళ్ళుగా అలాగే చెప్తున్నాను. ఆస్పత్రి చొక్కా తెల్లగా ఉంటుంది కదా బ్రూనో. కొంగ అంత సేపు నించోదు. అది కొంగ కాదని నాకప్పుడే తెలుసు. తెడ్డు కుడికి వేస్తే ఒడ్డుకి వచ్చేసేవాళ్ళం. నేను ఎడమకి వేశాను. వెనక్కి తిరిగి చూడలేదు.

గ్డాన్‌స్క్ సంగతి ఇక చెప్పడానికేముంది. లాకు దాటి, రెండో రోజు సాయంత్రం ఆ ఇటుక చర్చి శిఖరం కనపడింది. ఏడ్చాను. సంతోషంతో కాదు. కలప అప్పజెప్పి, సంతకం తీసుకుని, రేవులో ఉప్పు హెర్రింగ్ చేపలు ఒక పొట్లం కొని... నడిచి రాలేదులే, రైల్లోనే వచ్చాను, అదొక్కటీ ఎవరూ పట్టించుకోలేదు, యుద్ధానికి ముందు కూడా చివర్లో రైల్లోనే వచ్చేవాళ్ళట. సరాసరి ఒనుఫ్రీ గారి ఇంటికి. ఇంకా ఉన్నారు. మనిషి లేడు, ముక్కూ నోరూ మాత్రం మిగిలాయి. ‘వాలెంతీ ఏడీ?’ ‘ట్చెఫ్‌లో ఉండిపోయాడండీ, ఒంట్లో బాలేక.’ ‘అయితే వాడు ఫ్రిట్సే. నువ్వు ఇక్కడే ఎక్కావా? ఎక్కడా బండెక్కలేదా? ఒట్టు వెయ్యి.’ వేశాను. చేప నోట్లో పెట్టమన్నారు. పళ్ళు లేవు కదా, చప్పరించారు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ‘గ్డాన్‌స్క్‌లో మోట్లావా ఏటి పక్కన ముసలాయన ఇంకా ఇంతే ఉప్పు వేస్తున్నాడా! తారు తీసుకురండ్రా’ అని కేకేశారు. వాళ్ళ కోడలు బిక్కచచ్చిపోయింది, ‘మామయ్యా, ఆడపిల్లండీ!’ అని. ‘కనిపిస్తోంది, నాకు పోయినవి పళ్ళే, కళ్ళు కాదు. నియమంలో ఆడా మగా అని ఎక్కడా లేదు. లేదు, ఎందుకంటే మా తాతలకి ఆ ఊహే రాలేదు, అది వాళ్ళ తప్పు.’ గడ్డం లేని మొహానికి తారు పూసి, చెక్క కత్తితో గొరిగి, పడుకునే ఉండి తెడ్డుతో మూడు వేశారు. చీమ కుట్టినట్టు కూడా లేదు. నాలుగో రోజు పోయారు. నీలం జెండా నేనొక్కదాన్నే మోశాను.

ఆ తరవాత మా బాబాయి వచ్చాడు. బతికే వచ్చాడు. ఊపిరితిత్తులు మాత్రం పనికిరాకుండా పోయాయి, మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్ళే మాటే లేదన్నారు. నేను స్టేషనుకి వెళ్ళాను, బూట్లు పట్టుకుని. ఆస్పత్రి వాళ్ళిచ్చిన చెప్పులు వేసుకుని దిగాడు. తిడతాడనుకున్నాను, కొడితే కొట్టించుకుందామనుకున్నాను. టోపీ తీశాడు. ‘నమస్కారం, తెప్ప పెద్ద గారూ. మీ సామాను ఇటివ్వండి’ అన్నాడు. ఫ్రిట్స్‌కి నియమాలున్నాయి. తెప్పవాళ్ళెదురుగా టోపీ పెట్టుకోకూడదు. వాళ్ళు కూర్చోమనేదాకా కూర్చోకూడదు. వాళ్ళు చేసిన పనిని తప్పనీ ఒప్పనీ అనకూడదు. రెండేళ్ళు, బ్రూనో, రెండేళ్ళు ఒకే ఇంట్లో! పొద్దున్న లేచి వంటింటి గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నించునేవాడు, ఆయాసపడుతూ. ‘బాబాయ్, నీకు దణ్ణం పెడతా, కూర్చో’ అంటే, ‘మీరు ఫ్రిట్స్‌తో అలా మాట్లాడకూడదండీ’ అనేవాడు. ‘కూర్చో, ఫ్రిట్స్’ అనాల్సిందే. అంటే కూర్చునేవాడు. ఆ చేతుల్తో నన్ను ఎత్తుకు తిప్పిన మనిషి. ‘ఒసేయ్’ అనే మాట మళ్ళీ ఆ నోట వినలేదు. అది కోపమో, నన్ను చూసి గర్వమో, రెండూనో... సాయంత్రాలు మాత్రం కూర్చుని అన్నీ నేర్పాడు. కట్టడం, పాయలు, పాటలు. ‘మీరు ఇది తెలుసుకోవాలండీ’ అంటూ. నేను ‘నిన్ను చేసేస్తాను, తారు తెస్తాను, నాకు హక్కుంది’ అంటే తలుపు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు ఓసారి. మళ్ళీ అడగలేదు.

ఆ తరవాత నేను ఊరుకోలేదు. ఆనకట్ట పూర్తయ్యాక కూడా కొత్తవాళ్ళతో తెప్ప పట్టుకెళ్ళాను, జలాశయంలో నాలుగు రోజులు తెడ్లేయించి. చేతులు పుళ్ళు పడితే పడనీ అన్నాను. ఇవాళ ఊళ్ళో ముప్ఫై ఒక్కమంది తెప్పవాళ్ళున్నారు, అందులో ఆరుగురు ఆడపిల్లలు. ఒక్కడికి కూడా ఊరికే ఇవ్వలేదు. ట్చెఫ్‌లో దిగిపోయినవాడు ఒకడున్నాడు, పళ్ళనొప్పని. వాడు ఇప్పటికీ ఫ్రిట్సే, ఎదురొస్తే టోపీ తీస్తాడు. మరి మా బాబాయికి ఇవ్వనిది వాడికెలా ఇస్తాను? బాబాయి శవం లేచిన రోజు ఫాదర్ మా ఇంటికొచ్చి బతిమాలారు. ‘హోనోరతా, జెండా తియ్యమ్మా. ఊరంతా కోరుతోంది. ఆయన లేకపోతే నువ్వే లేవు.’ బీరువాకి తాళం వేసి తాళంచెవి జాకెట్లో పెట్టుకున్నాను. నీలం జెండా లేకుండానే వెళ్ళాడు మా బాబాయి. రాతిగుండెదని సంతలో మొహం మీదే అన్నారు, ఆరు నెలలు రొట్టె కొనడానికి పక్క ఊరు వెళ్ళాను. ఆయన చెప్పి వెళ్ళాడయ్యా, ‘ఫ్రిట్స్‌ని ఫ్రిట్స్ లాగే పూడ్చండి’ అని. నేనెవర్ని మార్చడానికి?

అది చెప్పింది చివరి రోజునే. మార్చి నెల, మధ్యాహ్నం. ఏట్లో మంచు పగిలి కదులుతోంది, ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తుంది. దిండు ఎత్తి పెట్టాను. టోపీ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. నేను అడిగేశాను. రెండేళ్ళ నించి గొంతులో ఉన్నది. ‘బాబాయ్, ఆ రోజు ఒడ్డున నువ్వే కదూ? నేను వదిలేసి వెళ్ళడం తప్పా?’ ఆయన కళ్ళు తెరిచాడు. చక్కగా, తేటగా చూశాడు నా వంక. ‘తెప్పవాళ్ళు చేసిన పని గురించి ఫ్రిట్స్ చెప్పకూడదండీ’ అన్నాడు. నేను ఆయన మంచం మీద తల పెట్టి ఏడుస్తున్నాను. నా జుట్టు మీద చెయ్యి వేశాడు. ‘మీరు ఆజ్ఞాపిస్తే మాత్రం చెప్పాలి. నియమం. ఆజ్ఞాపిస్తారా?’ అన్నాడు.

జిల్లా ఆఫీసుకి భయపడలేదు, ఆనకట్టకి భయపడలేదు, ఫాదర్‌కీ ఊరికీ భయపడలేదు. ఒక్క మాట, ‘చెప్పు’ అంటే చాలు. ఆ మాటకి భయపడ్డాను. నోరు తెరిచాను కూడా...

టీ తాగవేం, జామ్ ఎక్కువైందా? ఆ కిటికీ వేసెయ్యి నాయనా, చలిగాలి వస్తోంది.